పళ్ళేల మార్పిడి

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడు హార్డ్ డిస్కును గూర్చి వ్రాయడమేమిటని ఈ సంచిక పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. ఏటా ప్రబంధ కవిత్వం మీదనో, వ్యాకరణం మీదనో నాలుగు పుటలు వ్రాసి సంపాదకులకు అందజేయడం నా అలవాటు. ఈ యేడు కూడా అదే పని చేయబోతున్న సమయంలో, మా డిగ్రీ విద్యార్థి ఒకడు క్రిందపడి చెడిపోయిన డిస్కునొకదాన్ని చేతిరుమాలులో చుట్టుకొని స్టాఫ్ రూముకు వచ్చాడు. "సార్, దీన్ని విప్పి లోపలి ప్లేట్లు తీసి ఇంకోదాంట్లో పెడితే పనిచేస్తుందట గదా! వీడియోలో చూశాను. ఇంట్లో నేనే చేద్దామనుకుంటున్నాను" అన్నాడు. నేను ఉలిక్కిపడి ఆ మూటను వాడి చేతిలోనుంచి తీసుకున్నాను. అలా ఉలిక్కిపడడానికి కారణమేమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

2013లో ఎం.ఫిల్. పరిశోధన కొరకు పీర్ల పండుగ పాటలు సేకరిస్తూ రాయలసీమ పల్లెలలో తిరిగాను. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవం మొదలుకొని, పేరైనా బయటివారికి తెలియని చిన్న చిన్న పీర్ల చావిళ్ళ దాకా వెళ్ళాను. కర్బలా మైదానంలో హుసేన్ సాహెబు అమరుడైన కథను తెలుగులో, పల్లె బాణీలలో పాడేవారిలో ముస్లిములు కానివారే ఎక్కువమంది. ఆ సంగతి పుస్తకాలలో చదివి తెలుసుకోవడం వేరు, నిప్పుల గుండం ప్రక్కన అర్ధరాత్రి కూర్చొని వినడం వేరు. చిన్న రికార్డరులో పట్టుకొచ్చిన ఆ పాటలన్నింటినీ ఒక టెరాబైటు పోర్టబుల్ డిస్కులో భద్రపరచుకున్నాను. భద్రమన్న మాటను అప్పట్లో నేను చాలా తేలికగా వాడేవాణ్ణి.

ఆ డిస్కులో మా దాదీ పాడినవి కూడా పదిహేడు పాటలున్నాయి. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. దాదీకి తెలుగు లిపి రాదు, ఉర్దూ లిపీ రాదు. అయినా ముహర్రం నెల వచ్చిందంటే ఆమె నోట వచ్చేవన్నీ తెలుగు పాటలే. చిన్ననాట తమ ఊరి చావిడి దగ్గర కుమ్మరి స్త్రీల వద్ద, మంగలి స్త్రీల వద్ద నేర్చుకున్నానని చెప్పేది. పరిశోధన గ్రంథంలో వాటిని చేర్చలేదు. స్వంత నాయనమ్మ పాటలను ఆకరాలుగా చూపితే పరీక్షకులు ఏమనుకుంటారోనన్న బిడియం నాది. తరువాత తీరికగా వ్రాసుకుందాంలే అనుకున్నాను. 2017లో దాదీ పోయింది. రికార్డరులోని కార్డును ఎప్పుడో తుడిచివేసి వేరే పనులకు వాడుకున్నాను. అంటే ఆమె కంఠం ఈ లోకంలో ఆ ఒక్క డిస్కులోనే మిగిలిందన్నమాట. అక్షరమంటే నశించనిదని తరగతిలో వ్యుత్పత్తి చెప్పే నేను, ఆ నశించనిదానికి రెండవ ప్రతి తీసుకోలేదు.

2021 జూలైలో, ఆన్‌లైన్ పాఠాలు చెప్పే రోజుల్లో, డిస్కు పనిచేస్తూండగా తీగ కాలికి తగిలి బల్లమీదనుంచి క్రిందపడింది. పడినది రెండున్నర అడుగుల ఎత్తునుంచి మాత్రమే. పైడబ్బా మీద గీత కూడా పడలేదు. తిరిగి తగిలిస్తే, గూటిలోని పిట్టపిల్ల అరచినట్లు సన్నగా బీప్ మని ఆగింది. మళ్ళీ తగిలించాను, మళ్ళీ అదే అరుపు.

సలహాలకు మనదేశంలో కరువు లేదు. మా సహాధ్యాపకులొకరు డిస్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఫ్రీజరులో పెట్టమన్నారు. ఇంకొకరు ప్రక్కనుంచి మెల్లగా తట్టమన్నారు. ఫ్రీజరులోనుంచి తీసిన చల్లని లోహంమీద గాలిలోని తేమ చెమటలా పడుతుందనీ, ఆ చెమట మీద డిస్కు తిరిగితే మిగిలినది కూడా పోతుందనీ తరువాత తెలిసింది. ఆ రెండూ చేయకపోవడం నా తెలివివల్ల కాదు. అంతకన్న పెద్ద పొరపాటు చేసే తొందరలో ఉన్నాను గనుక. ఊళ్ళో సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే ఒక దుకాణానికి తీసుకువెళ్ళాను. అక్కడి కుర్రవాడు, పాపం, సాయం చేద్దామనే అనుకున్నాడు. గిర్రున తిరిగే ఫ్యాను క్రింద, టీ గ్లాసు ప్రక్కన పెట్టుకొని, మూత విప్పాడు. అద్దంలా మెరిసిపోతున్న పళ్ళెం కనబడింది. "ఇరుక్కుపోయింది సార్, తిరగడం లేదు" అంటూ మధ్యనున్న ఇరుసును స్క్రూడ్రైవరుతో బలవంతంగా తిప్పాడు. కిర్రుమన్న శబ్దంతో రెండు చుట్లు తిరిగి మళ్ళీ బిగుసుకుంది. పైపళ్ళెం మీద వెంట్రుకవంటి సన్నని వలయం నా కళ్ళముందే ఏర్పడింది. ఆ వలయమేమిటో ఆనాడు నాకు తెలియదు, అతనికీ తెలియదు.

ఇక్కడ కాస్త ఆగి ఆ యంత్రం లోపలి సంగతి చెప్పాలి.

ప్లాటర్ అనే ఆంగ్లపదానికి పళ్ళెమనే అర్థం. మన మెకానిక్కులు ప్లేటంటారు. నేను పళ్ళెమనే అంటాను. 1956లో ఐ.బి.ఎం. సంస్థవారు మొట్టమొదటి డిస్కు యంత్రాన్ని తయారుచేసినప్పుడు అందులో 24 అంగుళాల వెడల్పుగల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిసి సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే దాచుకునేవి. నా డిస్కులో పళ్ళేలు రెండే. ఒక్కొక్కటి 65 మిల్లీమీటర్ల వెడల్పు గల గాజుబిళ్ళ. బల్లమీద పెట్టే కంప్యూటరులోని పెద్ద డిస్కులకు సాధారణంగా అల్యూమినియం పళ్ళేలుంటాయి; లాప్‌టాప్ పరిమాణం వాటికి గాజువి. ఆ గాజుమీద అయస్కాంత గుణంగల కోబాల్టు మిశ్రమలోహపు పూత, దానిమీద రక్షణకు కర్బనపు పొర, ఆపైన కంటికి కనబడని కందెన పొర. రెండు పళ్ళేలకు నాలుగు ముఖాలు, నాలుగు ముఖాలకు నాలుగు హెడ్‌లు. దువ్వెన పళ్ళవలె ఒకే కాండానికి అతికిన ఆ నాలుగూ ఒకేసారి కదులుతాయి.

నిమిషానికి 5400 చుట్లు తిరిగే ఆ పళ్ళెం అంచు వేగం లెక్కగడితే గంటకు 66 కిలోమీటర్లు వచ్చింది. ఆర్.టి.సి. బస్సు వేగమన్నమాట. ఆ వేగానికి పుట్టే గాలిపొర మీద హెడ్ తేలుతుంది. పళ్ళేనికీ హెడ్‌కూ మధ్య ఎడం కొద్ది నానోమీటర్లు మాత్రమే. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. మనిషి వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. కంటికి కనబడని ధూళికణం కూడా ఆ ఎడంలో కొండవంటిది. టీ దుకాణపు పొగ, ఫ్యాను గాలి, వ్రేలిముద్రలోని జిడ్డు, ఇవన్నీ ఆ కుర్రవాడి బల్లమీద నా డిస్కులోకి ప్రవేశించాయి. పైగా నా డిస్కు క్రిందపడ్డ క్షణంలో హెడ్‌లు తమ విశ్రాంతి స్థానానికి చేరుకోలేదు. పళ్ళేలమీదనే వ్రాలి అతుక్కుపోయాయి. అలా అతుక్కున్నవాటి క్రింద పళ్ళేన్ని తిప్పితే ఏమవుతుంది? నాగలి క్రింద నేల ఏమవుతుందో అదే అవుతుంది.

వారం రోజులు తిండి సయించలేదు. చివరకు మిత్రుడొకడు వాకబు చేసి హైదరాబాదులో ఈ పనిమీదనే ఉన్న ఒక చిన్న ప్రయోగశాల సంగతి చెప్పాడు. దానిని నడిపే పెద్దాయనకు అరవైకి దగ్గర వయసు. యౌవనంలో టేప్‌రికార్డర్లు బాగుచేసేవారట. "క్యాసెట్టు పాట బొంగురుపోతే హెడ్ ప్రక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పేవాళ్ళం మాస్టారూ, వెంటనే గొంతు తేటపడేది. ఇదీ అటువంటి పనే. కాకపోతే ఇక్కడ తప్పు చేస్తే మళ్ళీ తిప్పడానికి వుండదు" అన్నారు. డిస్కును తీసుకొని, కరెంటు ఇవ్వకుండా, గాజుపెట్టె వంటి గదిలోపల మూత తెరచి చూసి వచ్చారు. మొదటి ప్రశ్న: "ఎవరు విప్పారు?" చెప్పాను. నన్ను గాని, ఆ కుర్రవాణ్ణి గాని ఒక్కమాట అనలేదు. ఆ మౌనమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆయన చెప్పినదాన్నిబట్టి నాకర్థమైనదేమంటే, పళ్ళేలు మార్చడమన్నది ఈ విద్యలో మొదటి మార్గం కాదు, చిట్టచివరి మార్గం. డిస్కులు చెడిపోయినప్పుడు చాలాసార్లు సర్క్యూటు బోర్డు మీదనో, లోపలి సాఫ్ట్‌వేరులోనో లోపముంటుంది. అప్పుడు మూత తీయనక్కరలేదు. హెడ్‌లు పోతే హెడ్‌లనే మారుస్తారు, పళ్ళేలను ఉన్నచోటనుంచి కదపరు. మోటారే బిగుసుకుపోయి, ఇరుసు తిరగనని మొండికేసినప్పుడు మాత్రమే పళ్ళేలను ఎత్తి మరొక డిస్కు శరీరంలోకి చేర్చవలసి వస్తుంది. నా డిస్కుకు ఆ దశ పట్టింది. ఇల్లు కూలుతున్నప్పుడే గదా పసిబిడ్డను నిద్రలేపకుండా ఎత్తుకొని పొరుగింటికి పోవడం!

వారి వృత్తిభాషలో చెడిన డిస్కు పేషెంటు, విడిభాగాలిచ్చే డిస్కు డోనరు. డోనరు అదే కంపెనీది, అదే మోడలుది అయితే చాలదు. హెడ్‌ల సంఖ్య, లోపలి సాఫ్ట్‌వేరు తరగతి కలవాలి. తయారైన కాలం, స్థలం కూడా వీలైనంత దగ్గరవి కావాలి. ఎందుకంటే ఏ రెండు డిస్కులూ కవలలు కావు. కర్మాగారంలో ప్రతి డిస్కును విడివిడిగా పరీక్షించి, దాని హెడ్‌ల గుణదోషాలకు తగిన సర్దుబాట్లను బోర్డుమీది ఒక చిన్న చిప్పులోనూ, పళ్ళేలమీద వినియోగదారునికి కనబడని ఒక ప్రత్యేక ప్రాంతంలోనూ వ్రాసిపెడతారు. కాబట్టి పళ్ళేలతోపాటు ఆ చిప్పులోని సమాచారమూ వెళ్ళాలి. నా విషయంలో బోర్డు బాగానే ఉంది గనుక డోనరు శరీరానికి నా బోర్డునే బిగిస్తామన్నారు. ఎనిమిదేళ్ళనాటి మోడలు కావడంవల్ల డోనరు కొత్తది దొరకలేదు. నలుమూలలా వెదకి పాతవి మూడు సంపాదించడానికి ఐదు వారాలు పట్టింది. మూడెందుకని అడిగితే, "ఒకటి చేతికి అలవాటు చేసుకోవడానికి, ఒకటి పనికి, ఒకటి పని చెడితే హెడ్‌లు తీసుకోవడానికి" అన్నారు. మొత్తం ఖర్చు నా రెండు నెలల జీతం. బేరమాడాలని అనిపించలేదు.

ఆ నిరీక్షణకాలంలో ఒక సంగతి నాకు ధైర్యమిచ్చింది. 2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా వ్యోమనౌక టెక్సాస్ మీద ఆకాశంలో విచ్ఛిన్నమై కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. నేనప్పుడు హైస్కూలు విద్యార్థిని. టీవీ ముందు నిలబడిపోయిన ఆ సాయంత్రం నాకు బాగా జ్ఞాపకం. ఆ నౌకలో జెనాన్ వాయువు చిక్కదనాన్ని పరిశీలించే ప్రయోగమొకటి జరిగింది. గరిటెతో కలియబెడితే పెరుగు పలుచబడుతుంది గదా, అటువంటి గుణం జెనాన్‌కు ఒక ప్రత్యేక స్థితిలో ఉన్నదా అన్నది ప్రశ్న. ఆ ఫలితాలు నమోదైన సీగేట్ డిస్కు శిథిలాలలో దొరికింది. అది కాలి నల్లబడిన లోహపు ముద్దలా వుంది. అమెరికాలోని మిన్నెసోటాలో క్రోల్ ఆన్‌ట్రాక్ అనే సంస్థకు చెందిన జాన్ ఎడ్వర్డ్స్ చేతికి దానిని అప్పగించారు. మూత అంచున ఉండే రబ్బరు కరిగి లోపలికి ధూళి చేరింది, కాని పళ్ళేలు వంకరపోలేదు. వాటిని రసాయన ద్రావణంతో శుభ్రపరచి మరొక డిస్కు శరీరంలో అమర్చారు. నూటికి 99 వంతుల సమాచారం చేజిక్కింది! పళ్ళెం మీద గుంటలు పడిన చోట, అదృష్టవశాత్తు, వ్రాత లేదు. ఆ కంప్యూటరు పాత డాస్ పద్ధతిలో నడిచేది. అది సమాచారాన్ని అక్కడొకటి ఇక్కడొకటి చిమ్మకుండా ఒకేచోట వరుసగా వ్రాసింది. 2008 ఏప్రిల్‌లో ఆ ప్రయోగఫలితం ఫిజికల్ రివ్యూ పత్రికలో వెలువడింది. అదే నౌకలోని మరి రెండు డిస్కులనుంచి మాత్రం ఏమీ రాలేదు. ఆకాశంనుంచి పడినదాన్నే చదవగలిగారు, బల్లమీదనుంచి పడినదాన్ని చదవలేరా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఇది తర్కానికి నిలిచే మాట కాదు. గీత పడడానికి ఎత్తుతో పని లేదు.

సెప్టెంబరు నెలలో కబురు వచ్చింది. రాత్రి బస్సెక్కి వెళ్ళాను. గది లోపలికి నన్ను రానివ్వలేదు గాని అద్దంలోనుంచి చూడనిచ్చారు. వడపోసిన గాలి వెనుకవైపునుంచి ఒకే తీరున, వడి లేకుండా, బల్లమీదుగా వీస్తూంటుంది. పూర్వపు కొలమానం ప్రకారం అది నూరవ తరగతి గది. అంటే ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను గాని అంతకు పైబడి గాని పరిమాణంగల కణాలు నూటికి మించరాదు. చేతులకు తొడుగులు, తలకు టోపీ, ముఖానికి గుడ్డ. నమాజుకు ముందు వజూ చేసుకుంటున్నంత నెమ్మదిగా ఆయన ఆ తొడుగులు వేసుకోవడం చూశాను.

మొదట హెడ్‌లను విడిపించాలి. అతుక్కున్న హెడ్‌ను లాగితే పూత ఊడివస్తుంది. అందుకు ఒక చిన్న దువ్వెన వంటి పనిముట్టు వుంది. అది నాలుగు చేతుల మధ్యకు జారి, ఒక్కొక్క హెడ్‌నూ పళ్ళెంనుంచి రవ్వంత ఎత్తి పట్టుకుంటుంది. అవి ఒకదానికొకటి తగలకుండా కూడా అదే కాపాడుతుంది. అలా ఎత్తిపట్టి మొత్తం కాండాన్ని అంచుదాకా నడిపించి బయటకు తీశారు. దీనికే ముప్పావుగంట పట్టింది. తరువాత ఇరుసుమీది బిగింపు బిళ్ళ. దాని మరలను ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా విప్పరాదు. ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా సడలించాలి, లేకుంటే ఒత్తిడి ఒక్క ప్రక్కకే చేరి పళ్ళెం వంగవచ్చు, గాజు గనుక పగలనూవచ్చు. తిరిగి బిగించేటప్పుడూ ఇదే నియమం.

ఆ తరువాతిదే అసలు ఘట్టం. ఒక్క పళ్ళెం ఉన్న డిస్కయితే దానిని ఎత్తి, తలక్రిందులు కాకుండా, ఇరుసు నడిమికి సరిగా అమరేటట్లు పెడితే సరిపోతుంది. రెండు గాని అంతకన్న ఎక్కువ గాని ఉంటే సంగతి వేరు. పళ్ళేల మీద మన సమాచారమే కాక, మధ్యమధ్య సర్వో గుర్తులని కొన్ని ఉంటాయి. తానెక్కడున్నదో, ఏ వలయం మీద నడుస్తున్నదో హెడ్‌కు తెలిపే మైలురాళ్ళు అవి. కర్మాగారంలో పళ్ళేలన్నింటి మీదా ఈ మైలురాళ్ళు పరస్పర సంబంధంతో ఏర్పడతాయి. ఒక హెడ్ నుంచి మరొక హెడ్‌కు మారినప్పుడు తరువాతి గుర్తు ఏ క్షణాన ఎదురవుతుందో యంత్రం ముందే ఎదురుచూస్తుంది. పై పళ్ళెం క్రిందిదానికంటె కొద్దిగా అటో ఇటో తిరిగినా ఆ లెక్క తప్పుతుంది. అక్షరం కూడా చెడకుండానే గ్రంథమంతా చదవరానిదవుతుంది.

తాళపత్ర గ్రంథాలు చూసినవారికి ఇది కొంత బోధపడుతుంది. సూత్రం తెగితే పత్రాలు చెదరుతాయి. అయినా పత్రసంఖ్య వుంటుంది. లేకున్నా పద్యపు నడకను, కథను బట్టి పండితుడు మళ్ళీ వరుస కూర్చగలడు. సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టుకొని ప్రతులను పోల్చి సరిచేయించినది అటువంటి పనే. ఈ పళ్ళేలకు ఆ వెసులుబాటు లేదు. కంటితో చూస్తే ఆ అద్దంమీద ఆదీ అంతమూ కనబడవు. ఏ కోణాన ఉండేదో ఒకసారి మరిస్తే దానిని వెదకి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అందుచేత ఈ పనికి వాడే సాధనం గుండ్రని గిన్నెవలె ఉండి, రెండు పళ్ళేలనూ, వాటి మధ్యనున్న ఉంగరాన్నీ బయటి అంచుల వద్ద మాత్రమే ఒక్కసారిగా పట్టుకుంటుంది. ముఖాలను తాకదు. రెండింటినీ ఒక్కటిగా పైకెత్తి ఒక్కటిగా దింపుతుంది. విడదీసి మళ్ళీ కలపడం కాదు, విడిపోనివ్వకుండా తరలించడం. మా విద్యార్థి చూసిన వీడియోలో ఒక్కొక్క పళ్ళేన్ని వ్రేళ్ళతో తీసి ప్రక్కన పెడుతున్నారు. అద్భుతంగా వుంది సార్ అన్నాడు వాడు. చూడడానికి అద్భుతమే.

డోనరు పళ్ళేలు అంతకు ముందే తీసి ఒక గుడ్డమీద ఉంచారు. పాతబజారునుంచి వచ్చిన డిస్కు అది. దానిమీద ఎవరి పెళ్ళి ఫోటోలుండేవో, ఏ గుమాస్తా లెక్కలుండేవోనన్న ఆలోచన వచ్చింది. అడిగితే, తుడిచివేసి అమ్మినదేనని ఆయన అన్నారు. అయినా నా దృష్టి చాలాసేపు ఆ గుడ్డమీదికే పోతూ వచ్చింది.

ఆయన ఊపిరి బిగబట్టి సాధనాన్ని ఎత్తారు. రెండు పళ్ళేలు గాలిలో ఉన్నాయి. నాలుగైదు అంగుళాల దూరం ప్రయాణించి కొత్త ఇరుసుమీద దిగాయి. బహుశా పది సెకండ్లు పట్టి వుంటుంది. ఆ పది సెకండ్లలో నేను దాదీని తలచుకున్నానని వ్రాస్తే బాగుంటుంది గాని అది నిజం కాదు. ఆయన మోచేయి బల్లకు తగులుతుందేమోనని చూస్తున్నాను, అంతే.

మూత బిగించి కరెంటు ఇచ్చినప్పుడు పిట్ట అరవలేదు. గాలి వీచినట్లు సన్నని హోరు వినిపించింది. డిస్కు తన ప్రత్యేక ప్రాంతాన్ని చదువుకొని, తన పేరు చెప్పింది. పెద్దాయన అప్పుడు కూడా నవ్వలేదు. "తిరిగింది. ఇంకా చదవలేదు" అన్నారు.

ఈ దశలో తొందరపడి దస్త్రాలు తెరచి చూడరాదట. డిస్కును అడుగునుంచి పైదాకా మరొక కొత్త డిస్కులోకి యథాతథంగా, ముక్క ముక్కగా నకలు తీయాలి. పేషెంటు మీద ఒక్క అక్షరమైనా వ్రాయకూడదు. ఇందుకు ప్రత్యేకమైన యంత్రాలున్నాయి. చదవలేని ముక్క ఎదురైతే దానితో పోరాడకుండా దాటిపోయి, తేలికగా వచ్చేదంతా ముందు తీసుకొని, కష్టమైనవాటికి తరువాత తిరిగివస్తాయి. నా డిస్కులో పైముఖానికి గీత వున్నది గనుక, ఆ ముఖంమీది హెడ్‌కు పని చెప్పకుండా, మొదట మిగిలిన మూడు ముఖాలను చదివించారు. అది ఆరు రోజులు. ఆ తరువాతనే పైముఖం. అంచునుంచి గీతదాకా, మళ్ళీ లోపలినుంచి గీతదాకా, మెల్లగా. ఎనిమిదవనాటి సాయంత్రం ఆ హెడ్ గీతమీద పడి మరణించింది. మూడవ డోనరు హెడ్‌లు తీసి మళ్ళీ ప్రయత్నించమంటారా అని నేనడిగాను. "గీత పడినచోట పూత లేదు మాస్టారూ. పూత లేనిచోట వ్రాత లేదు. అది ఎక్కడో దాగి లేదు, ధూళిగా రాలిపోయింది. దానికోసం పోతే మిగిలిన ముఖాలకు మురికి పాకుతుంది" అన్నారు. డబ్బు వచ్చే పనిని వద్దని చెప్పినందుకు ఆయనపై నాకు గౌరవం కలిగింది. నూటికి తొంభైయారు వంతులు వచ్చినట్లు లెక్క తేలింది.

ఆ నాలుగు వంతులూ ఒకేచోట పోలేదు, అదే విచిత్రం. డిస్కు కొంతసేపు ఒక ముఖంమీద, కొంతసేపు మరొక ముఖంమీద వ్రాస్తూ పోతుంది. అందుచేత గీత ఒక్కటే అయినా, దాని చిల్లులు అనేక దస్త్రాలలో పడ్డాయి. వ్రాతపత్రాలు, ఫోటోలు కొన్ని అసలు తెరచుకోలేదు. పాటలు మాత్రం తెరచుకున్నాయి. నేను శబ్దాన్ని కుదించకుండా దాచడమే అందుకు కారణం. ఆ పద్ధతిలో గంటకు 600 మెగాబైట్లకు పైగా స్థలం ఖర్చవుతుందని అప్పట్లో మిత్రులు ఎగతాళి చేశారు. కాని ఒక లాభముంది. అందులో ప్రతి క్షణం తన కాళ్ళమీద తాను నిలుస్తుంది. 512 అక్షరాల ముక్క ఒకటి పోతే పోయేది సెకండులో మూడు వందల వంతుకన్న తక్కువ. దాని ముందువెనుకలు చెక్కుచెదరవు. పోయినచోట సున్నాలు నింపితే నిశ్శబ్దం వినబడుతుంది. అంతే.

దాదీ పాటలు పదిహేడింటిలో పన్నెండు పూర్తిగా వచ్చాయి. నాలుగింటిలో అక్కడక్కడ చిన్న చిల్లులున్నాయి. బాలిక సకీనా దాహమని నీళ్ళడిగే పాటలో మాత్రం, చివరి చరణానికి ముందు, పదకొండు సెకండ్లు లేవు.

ఆ యేడు శీతకాలపు సెలవుల్లో ఊరికి పోయి మా ఫుప్పూకు వినిపించాను. దాదీ కూతుళ్ళలో ఆమె ఒక్కతే మిగిలింది. కొత్త డిస్కులు రెండు ఆమెకు చూపాను. ఒకటి ఆమె పెట్టెలో ఉంచడానికే తెచ్చాను. మూడవది మా కళాశాల గ్రంథాలయంలో ఇచ్చాను. ఆమె వాటిని పట్టించుకోలేదు. తల్లి గొంతు వినబడగానే కొంగు తలమీదికి లాక్కొని, కళ్ళు మూసుకొని, పెదవులు కదుపుతూ కూర్చుంది. ఆ చిల్లు వచ్చినప్పుడు కళ్ళు తెరచింది.

"ఏమైంది బేటా, అమ్మీ ఎందుకు ఆగింది?"

గీత సంగతి చెప్పాను. ఆమెకు ఎంత బోధపడిందో తెలియదు. ఆ చరణం తనకు వచ్చునని, వ్రాసుకోమని చెప్పింది. ఫోను తీసి రికార్డు చేయసాగాను. మొదటి పాదం పాడింది. రెండవది సగందాకా వచ్చి ఆగి, "అది కాదు, అది వేరే పాటలోది" అన్నది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడుసార్లు ప్రయత్నించిన తరువాత చేతితో సైగచేసి ఇంకొకసారి పెట్టమన్నది. పెట్టాను. దాదీ సకీనా మాట ఎత్తి, చెరువు మాట ఎత్తి, ఆగింది. వాకిట్లో కోడి ఒకటి కూసింది. ఫుప్పూ పెదవులు కదపకుండా గోడవైపు చూస్తూ ఉంది. పదకొండు సెకండ్లు ఇద్దరం అలాగే కూర్చున్నాం. దాదీ మళ్ళీ అందుకుంది.